సర్వరు ప్రాసెసరు తరాలు - డేటాబేసు పనితీరు

సర్వరు ప్రాసెసరు తరము అంటే సర్వరు కంప్యూటర్ల కొరకు తయారయ్యే ప్రాసెసర్లలో, అంతర్గత నిర్మాణము మారి కొత్తగా విడుదలైన ఒక విడత. డేటాబేసు పనితీరు అంటే ఒక నిర్ణీత కాలములో డేటాబేసు పూర్తి చేయగల లావాదేవీల సంఖ్య మరియు ఒక్కొక్క లావాదేవీకి పట్టే సమయము. ఈ రెండింటికీ దగ్గరి సంబంధము ఉన్నది గాని, ప్రాసెసరు వేగము రెండింతలైనంత మాత్రాన డేటాబేసు వేగము రెండింతలు కాదు. లావాదేవీ సమయములో ఎంత భాగము ప్రాసెసరు పనికి ఖర్చవుతున్నదో అంత భాగములోనే కొత్త తరము వలన లాభము కలుగుతుంది.

భారతదేశములో ఈ విషయానికి చక్కని ఉదాహరణ భారతీయ రైల్వేల ప్రయాణీకుల రిజర్వేషను వ్యవస్థ (పి.ఆర్.ఎస్.). 1980వ దశకము నుండి ఈ వ్యవస్థ పలు ప్రాసెసరు తరాల మీద నడిచినది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి మరియు ఉద్దానం తీర గ్రామాల ప్రజల రాకపోకలు ఈ డేటాబేసుతో ముడిపడి ఉన్నాయి. అందువలన ఈ వ్యాసములో ఆ వ్యవస్థనే ప్రధాన ఉదాహరణగా తీసుకొనడమైనది.

ఉద్దానం ప్రాంతము మరియు రైలు రిజర్వేషను

శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరములో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో వ్యాపించిన కొబ్బరి, జీడి తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. పలాస-కాశీబుగ్గ జంట పట్టణము జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి చెందినది. ఈ ప్రాంతము నుండి హైదరాబాదు, చెన్నై, ముంబై వంటి నగరాలకు పనుల కొరకు వలస వెళ్ళేవారు ఎక్కువ. మూత్రపిండాల వ్యాధి పీడితులు చికిత్స కొరకు విశాఖపట్నం వెళ్ళడము కూడా ఇక్కడ చాలాకాలముగా ఉన్నది.

హౌరా - చెన్నై ప్రధాన రైలు మార్గముపై ఉన్న పలాస ఈ ప్రాంతానికి ముఖ్యమైన స్టేషను. టెక్కలి పట్టణము, ఇదే మార్గములోని నౌపడ జంక్షను నుండి గుణుపూర్ వెళ్ళే శాఖా మార్గములో ఉన్నది. పలాసలో ఆగే దూరప్రాంతపు రైళ్ళలో అనేకము వేరే చోట బయలుదేరి ఈ మీదుగా పోయేవి. కనుక పలాసలో ఎక్కే ప్రయాణీకుడు అడిగే బెర్తునే అదే క్షణములో భువనేశ్వర్‌లోనో, బ్రహ్మపురములోనో, విశాఖపట్నములోనో మరొకరు అడుగుతూ ఉండవచ్చును. తత్కాల్ టిక్కెట్ల విషయములో ఈ పోటీ మరీ తీవ్రము. 2015 జూన్ నుండి ఏ.సి. తరగతులకు ఉదయము 10 గంటలకు, ఏ.సి. కాని తరగతులకు 11 గంటలకు తత్కాల్ బుకింగు మొదలవుతున్నది. ఆ తరువాతి కొద్ది నిమిషాలలో డేటాబేసు ఎంత చురుకుగా, ఎంత క్రమముగా పని చేస్తుందన్న దానిపై ఒక కూలీ కుటుంబము బెర్తుపై పడుకొని వెళ్ళడమో, జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళడమో ఆధారపడి ఉంటుంది.

రిజర్వేషను లావాదేవీ జరిగే విధానము

ఒక టిక్కెట్టు ఇవ్వడము డేటాబేసు దృష్టిలో ఒక లావాదేవీ. భువనేశ్వర్ - సికింద్రాబాదు మధ్య నడిచే విశాఖ ఎక్స్‌ప్రెస్‌ను ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఒక బెర్తు భువనేశ్వర్ నుండి విశాఖపట్నము వరకు ఒకరికి కేటాయించబడితే, అదే బెర్తును విశాఖపట్నము నుండి సికింద్రాబాదు వరకు మరొకరికి ఇవ్వవచ్చును. కాబట్టి బెర్తు ఖాళీగా ఉన్నదా అన్న ప్రశ్నకు జవాబు ఒక్క అంకెలో దొరకదు. ప్రయాణపు ప్రతి భాగములోను ఖాళీ ఉన్నదో లేదో చూడవలెను. దీనికి తోడు స్టేషన్ల వారీ కోటాలు, ఆర్.ఏ.సి., నిరీక్షణ జాబితా, రాయితీలు, ఛార్జీ లెక్క ఉంటాయి. సాధారణముగా ఇటువంటి లావాదేవీలో ఈ క్రింది దశలు ఉంటాయి.

* కౌంటరు లేదా మొబైల్ ఫోను నుండి విన్నపము నెట్‌వర్కు ద్వారా సర్వరును చేరడము.
* ఆ రైలు, ఆ తేదీ, ఆ తరగతికి చెందిన రికార్డును వెదకి తీయడము.
* ఇంకొకరు అదే సమయములో మార్చకుండా ఆ రికార్డుకు లాకు వేయడము.
* బెర్తును ఎంపిక చేసి, ఛార్జీ లెక్కకట్టి, పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యను ఇవ్వడము.
* మార్పును డిస్కుపై శాశ్వతముగా వ్రాసి, లాకు తీసివేసి, జవాబు పంపడము.

ఈ దశలన్నీ పూర్తి కావలెను, లేదా ఏదీ జరగనట్లుగా వెనుకకు పోవలెను. నలుగురు సభ్యుల కుటుంబానికి ఇద్దరి బెర్తులు మాత్రమే నమోదై మధ్యలో యంత్రము ఆగిపోతే, ఆ సగము నమోదు మిగిలిపోరాదు. డేటాబేసు వేగము ఎంత ముఖ్యమో ఈ నిబంధన కూడా అంతే ముఖ్యము. పై దశలలో వెదకడము, ఎంపిక, లెక్క ప్రాసెసరు పనులు. మిగిలినవి నెట్‌వర్కు, డిస్కు, లాకులకు సంబంధించినవి.

ప్రాసెసరు తరములో మారే అంశాలు

గడియార వేగము: ప్రాసెసరు సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందో తెలిపే కొలత. 1977లో విడుదలైన వాక్స్-11/780 గడియార వేగము 5 మెగాహెర్ట్జ్‌లు. 2004 నాటికి పెంటియం 4 వేగము 3.8 గిగాహెర్ట్జ్‌లకు చేరినది. ఆ పైన వేడి, విద్యుత్ వినియోగము అదుపు తప్పడముతో తయారీదారులు గడియార వేగాన్ని పెంచడము కంటె కోర్ల సంఖ్యను పెంచడముపై దృష్టి పెట్టారు.

బిట్ల వెడల్పు: 32-బిట్ చిరునామాలతో ఒక ప్రోగ్రాము నేరుగా చూడగల మెమరీ 4 గిగాబైట్లకు పరిమితము. 64-బిట్ ప్రాసెసర్లతో ఈ హద్దు తొలగినది. తరచుగా వాడే పట్టికలను డిస్కులో కాక మెమరీలోనే ఉంచుకొనగలగడము డేటాబేసులకు కలిగిన పెద్ద మేలు.

కాషె మెమరీ: ప్రాసెసరు లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ. డేటాబేసు ఒక చోటి నుండి మరొక చోటికి దూకుతూ సమాచారాన్ని వెదకుతుంది గనుక కావలసినది కాషెలో దొరకకపోవడము తరచు జరుగుతుంది. అప్పుడు ప్రాసెసరు ప్రధాన మెమరీ కొరకు ఎదురుచూస్తూ ఖాళీగా ఉంటుంది. 1999లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన అనస్తాసియా ఐలమాకి మరియు సహచరులు నాలుగు వాణిజ్య డేటాబేసులను పరిశీలించి, ప్రాసెసరు సమయములో సగటున సగభాగము ఇటువంటి నిరీక్షణలోనే గడుస్తున్నదని చూపారు. గడియారము వేగము పెరిగినా మెమరీ అంత వేగముగా మారకపోతే ఫలితము తక్కువగా ఉండడానికి ఇదే కారణము.

కోర్లు: ఒకే చిప్పులో అనేక ప్రాసెసర్లు ఉండడము. పరస్పర సంబంధము లేని లావాదేవీలు వేరువేరు కోర్లపై ఏకకాలములో నడుస్తాయి. పలాసలో ఒకరు ముంబై రైలుకు, సోంపేటలో మరొకరు చెన్నై రైలుకు టిక్కెట్టు తీసుకొంటే ఆ రెండు పనులు ఒకదానికొకటి అడ్డురావు.

మెమరీ నియంత్రిక: మెమరీతో మాట్లాడే భాగము మొదట్లో వేరే చిప్పులో ఉండేది. అది ప్రాసెసరులోనికి చేరడముతో మెమరీ కొరకు నిరీక్షించే కాలము తగ్గినది.

రైల్వే రిజర్వేషనులో ప్రాసెసరు తరాలు

వాక్స్ కాలము

1985-86లో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ప్రారంభమైనది. ఇంప్రెస్ అనే ఆ సాఫ్టువేరును ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. తయారు చేసినది. ఇది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (డెక్) వారి 32-బిట్ వాక్స్ యంత్రాలపై నడిచినది. అంతకు ముందు పెద్ద పుస్తకాలలో చేతితో వ్రాసి బెర్తులు కేటాయించేవారు. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము (క్రిస్) ఏర్పడినది. క్రిస్ రూపొందించిన కాన్సర్ట్ అనే సాఫ్టువేరు 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాదులో అమలైనది. న్యూఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ 1999 ఏప్రిల్ నాటికి అనుసంధానము కావడముతో ఏ కౌంటరు నుండి అయినా ఏ రైలుకైనా టిక్కెట్టు తీసుకొనే వీలు కలిగినది.

ఈ మార్పులో ప్రాసెసరు పాత్ర కొంత మాత్రమే. వేరువేరుగా ఉన్న డేటాబేసులను నెట్‌వర్కుతో కలపడము వలన చిన్న స్టేషన్ల ప్రయాణీకులకు కలిగిన మేలు, ఏ ఒక్క ప్రాసెసరు తరము వలన కలిగిన మేలు కంటె పెద్దది.

ఆల్ఫా కాలము

డెక్ సంస్థ 1992లో 64-బిట్ ఆల్ఫా ప్రాసెసరును విడుదల చేసినది. వాక్స్ ఆదేశాలు క్లిష్టమైనవి. ఒక్కొక్కటి అనేక అడుగులలో పూర్తి అయ్యేది. ఆల్ఫా ఆదేశాలు సరళమైనవి గనుక గడియార వేగము బాగా పెరిగినది. మొదటి ఆల్ఫా చిప్పులే 150 నుండి 200 మెగాహెర్ట్జ్‌ల వేగముతో నడిచాయి. వాక్స్ కొరకు వ్రాసిన వి.ఎం.ఎస్. నిర్వహణ వ్యవస్థ ఆల్ఫాపై ఓపెన్ వి.ఎం.ఎస్. పేరుతో కొనసాగడము వలన, సాఫ్టువేరును మొదటి నుండి తిరిగి వ్రాయకుండా కొత్త తరానికి మారగలిగారు.

ఇటానియం కాలము

1998లో డెక్ సంస్థను కాంపాక్, 2002లో కాంపాక్‌ను హెచ్.పి. కొనుగోలు చేశాయి. ఆల్ఫా అభివృద్ధిని ముగించి ఇటానియంకు మారుతున్నట్లు కాంపాక్ 2001లోనే ప్రకటించినది. ఇంటెల్ మరియు హెచ్.పి. కలిసి రూపొందించిన ఈ ప్రాసెసరులో, ఏ ఆదేశాలను ఒకేసారి నడపవచ్చునో కంపైలరు ముందుగానే నిర్ణయిస్తుంది. గణిత శాస్త్ర లెక్కలకు ఈ పద్ధతి బాగుగా కుదిరినది. డేటాబేసులో మాత్రము తరువాత ఏ సమాచారము అవసరమవుతుందో ముందుగా ఊహించడము కష్టము. ఈ లోటును పూరించడానికి ఇటానియంలో పెద్ద కాషెలను అమర్చారు. 2006 నాటి మాంటెసిటోలో రెండు కోర్లు, ఒక్కొక్క దానికి 12 మెగాబైట్ల మూడవ స్థాయి కాషె ఉండేవి.

2010లో అమలైన పి.ఆర్.ఎస్. ఇటానియం సర్వర్లు మరియు ఓపెన్ వి.ఎం.ఎస్.పై నడుస్తున్నదని 2025లో కేంద్ర ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. ఇటానియం చివరి తరము 2017లో విడుదలైనది. 2021 జులైతో ఇంటెల్ వాటి సరఫరాను ఆపివేసినది. ఒక తరానికి వారసుడు లేకపోతే డేటాబేసు ఎంత స్థిరముగా ఉన్నా దానిని వేరే దారికి మళ్ళించక తప్పదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. నిమిషానికి సుమారు 25,000 టిక్కెట్లు ఇవ్వగల పాత వ్యవస్థ స్థానములో నిమిషానికి లక్షకు పైగా టిక్కెట్లు ఇవ్వగల వ్యవస్థను రూపొందిస్తున్నట్లు అదే సంవత్సరము ప్రభుత్వము తెలిపినది.

ఎక్స్86 సర్వర్లు

ఇదే కాలములో సామాన్య కంప్యూటర్లలో వాడే ఎక్స్86 జాతి ప్రాసెసర్లు సర్వర్లలోనికి ప్రవేశించాయి. ఇంటెల్ 1998లో జియాన్ పేరుతో సర్వరు ప్రాసెసర్లను విడుదల చేసినది. 2003లో ఏ.ఎం.డి. సంస్థ ఆప్టెరాన్‌తో ఈ జాతికి 64-బిట్ చిరునామాలను, చిప్పులోనే మెమరీ నియంత్రికను తెచ్చినది. ఇంటెల్ 2009 నాటి నెహాలెం తరములో మెమరీ నియంత్రికను చిప్పులోనికి చేర్చినది. గడియార వేగము పెద్దగా పెరగకపోయినా డేటాబేసులకు ఈ రెండు తరాలు ఎక్కువ లాభము కలిగించాయి. ఏ.ఎం.డి. ఎపిక్ ప్రాసెసర్లలో 2017లో గరిష్ఠముగా 32, 2019లో 64, 2022లో 96 కోర్లు ఉన్నాయి. ఓపెన్ వి.ఎం.ఎస్. కూడా 2022లో ఎక్స్86 మీదికి వచ్చినది.

కొత్త తరము వలన కలిగే లాభానికి హద్దులు

అమ్డాల్ సూత్రము

ఒక పనిలో కొంత భాగము మాత్రమే వేగవంతమైతే మొత్తము పని ఎంత వేగవంతమవుతుందో 1967లో జీన్ అమ్డాల్ చెప్పిన సూత్రము ద్వారా లెక్కకట్టవచ్చును. ఉదాహరణకు ఒక లావాదేవీకి 100 మిల్లీసెకన్లు పడుతున్నదని, అందులో ప్రాసెసరు పని 40, డిస్కు 30, నెట్‌వర్కు 20, లాకు కొరకు నిరీక్షణ 10 అని అనుకొందాము. రెండింతల వేగము గల ప్రాసెసరును అమర్చితే మొత్తము 80 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. అంటే వేగము 1.25 రెట్లు మాత్రమే. పాత ప్రాసెసరునే ఉంచి, డిస్కు సమయాన్ని 30 నుండి 3కు తగ్గించే ఎస్.ఎస్.డి.ని అమర్చితే మొత్తము 73 మిల్లీసెకన్లు అవుతుంది. అప్పుడు లావాదేవీలో సగానికి పైగా ప్రాసెసరు పనే గనుక, ఇక మీదట ప్రాసెసరు తరాన్ని మార్చడము వలన ఎక్కువ లాభము ఉంటుంది. ఏది ముందు మార్చవలెనన్నది కొలిచి తెలుసుకొనవలసిన విషయము.

ఒకే రైలు, అనేక విన్నపాలు

తత్కాల్ సమయములో వేలాది మంది ఒకే రైలు, ఒకే తరగతిని అడుగుతారు. అందరికీ కావలసినది ఒకే రికార్డు అయినప్పుడు కోర్లు ఎన్ని ఉన్నా లావాదేవీలు ఒకదాని వెనుక ఒకటి నడవవలసినదే. ఒక్కొక్క లావాదేవీ లాకును 20 మిల్లీసెకన్లు పట్టి ఉంచితే ఆ రైలుకు సెకనుకు 50 టిక్కెట్ల కంటె ఎక్కువ ఇవ్వడము సాధ్యము కాదు. 4 కోర్ల యంత్రమైనా 96 కోర్ల యంత్రమైనా ఈ లెక్క మారదు. ఒక్కొక్క కోరు వేగము పెరిగి లాకు కాలము 10 మిల్లీసెకన్లకు తగ్గితేనే సెకనుకు 100 టిక్కెట్లు వీలవుతాయి. కోర్ల సంఖ్య అనేక రైళ్ళకు ఒకేసారి వచ్చే విన్నపాలకు, ఒక్క కోరు వేగము ఒకే రైలు కొరకు జరిగే పోటీకి ఉపయోగపడతాయని దీని సారాంశము.

అందువలననే ఈ సమస్యకు యంత్రాలతో పాటు ఇతర పరిష్కారాలను కూడా అనుసరించారు. ఏ.సి., ఇతర తరగతుల తత్కాల్ వేళలను వేరు చేయడము వలన ఒకే నిమిషములో పడే భారము రెండుగా విడిపోయినది. 2014 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. ప్రవేశపెట్టిన కొత్త వ్యవస్థ ఆన్‌లైన్ టిక్కెట్ల సామర్థ్యాన్ని నిమిషానికి 2,000 నుండి 7,200కు పెంచినది. తరచుగా అడిగే సమాచారాన్ని మెమరీలోనే ఉంచే సాఫ్టువేరును అందులో ఉపయోగించారు. 2025 జులై నుండి తత్కాల్ మొదటి 30 నిమిషాలు ఏజెంట్లను నిలిపివేశారు.

లైసెన్సు మరియు భద్రత

కొన్ని డేటాబేసుల ధర కోర్ల సంఖ్యను బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2012 నుండి ఈ పద్ధతికి మారినది. కనుక ఎక్కువ కోర్లు గల ప్రాసెసరు కంటె తక్కువ కోర్లతో ఎక్కువ వేగము గల ప్రాసెసరు చౌకగా పడవచ్చును. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు చేసిన సవరణల వలన అప్పటికే వాడుకలో ఉన్న ప్రాసెసర్లపై కొన్ని డేటాబేసులు మందగించాయి. తరువాతి తరాలలో ఈ రక్షణలను చిప్పులోనే చేర్చడము మొదలైనది.

తిత్లీ తుఫాను అనుభవము

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపములో తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. విద్యుత్ స్తంభాలు, టెలిఫోను వ్యవస్థ దెబ్బతిన్నాయి. దూర నగరాలలోని సర్వర్లు పని చేస్తున్నా, విద్యుత్తు, నెట్‌వర్కు లేని చోట ఆ డేటాబేసు ప్రజలకు లేనట్లే. రికార్డులు ఒకే కేంద్ర సర్వరులో ఉంటే నిర్వహణ సులువవుతుంది, కొత్త ప్రాసెసరు తరము వలన కలిగే లాభము అందరికీ ఒకేసారి అందుతుంది. దానికి బదులుగా ప్రతి చిన్న ఊరూ కేంద్రానికి పోయే తీగపై ఆధారపడుతుంది.

కొత్త తరానికి మారే ముందు గమనించవలసినవి

* రద్దీ వేళలో ప్రాసెసరు, డిస్కు, నెట్‌వర్కు, లాకులలో దేని కొరకు ఎక్కువ నిరీక్షణ జరుగుతున్నదో కొలవవలెను. రోజంతటి సగటు చూస్తే ఉదయము 10, 11 గంటల రద్దీ కనబడదు.
* పాత సాఫ్టువేరు కొత్త ప్రాసెసరుపై మార్పు లేకుండా నడుస్తుందో లేదో చూడవలెను.
* సగటు సమయముతో పాటు అన్నిటికంటె ఆలస్యమైన లావాదేవీల సమయాన్ని కూడా చూడవలెను. వరుసలో చివరి మనిషికి తెలిసేది ఆ ఆలస్యమే.
* ఆ ప్రాసెసరు జాతికి రాబోయే సంవత్సరాలలో తరువాతి తరము ఉన్నదో లేదో తెలుసుకొనవలెను.

వేగవంతమైన డేటాబేసు రైలులో బెర్తుల సంఖ్యను పెంచదు. ముందు వచ్చిన విన్నపానికి ముందు జవాబు ఇవ్వడము, లేదన్న సంగతిని కూడా ఆలస్యము లేకుండా చెప్పడము దాని పని. మిగిలిన సమయములో ప్రయాణీకుడు వేరొక రైలునో, మరొక తేదీనో చూసుకొనగలడు.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* మైక్రోప్రాసెసరు
* భారతీయ రైల్వేలు
* పలాస
* టెక్కలి
* ఉద్దానం
* తిత్లీ తుఫాను